డిండోలి గదిలో శిథిలాలయం

మా ఇంట్లో ఆటలన్నీ గుసగుసల్లోనే సాగేవి. నాయిన రాత్రి పాళీ ముగించుకుని పొద్దున ఏడున్నరకు ఇల్లు చేరి, ఇంత తిని పండుకునేవాడు. ఉన్నది ఒకటే గది. ఆయన గోడ వైపు తిరిగి నిద్రపోతుంటే, ఇవతలి మూల చాప మీద మేం నలుగురైదుగురం పిల్లలం గవ్వలు వేసేవాళ్ళం. గచ్చు మీద పడితే గవ్వ గట్టిగా మోగుతుంది. అందుకని ఖాతా నుంచి, అంటే మరమగ్గాల షెడ్డు నుంచి, తెచ్చిన గ్రే గుడ్డ ముక్కను నాలుగు మడతలు పెట్టి, దాని మీద వేసేవాళ్ళం. ఓడినవాడు అరవకూడదు. గెలిచినవాడు ఎగరకూడదు. తగాదా వస్తే అది కూడా పెదవుల మధ్యనే తీరాలి.

సూరత్‌లో, ఉధ్నా నుంచి జల్‌గావ్ వైపు పోయే రైలు పట్టాల దగ్గర ఉంటుంది డిండోలి. ఇప్పుడు పట్టాల మీదుగా వంతెన ఉంది, వరసగా అపార్టుమెంట్లున్నాయి, ఛఠ్ పూజ నాడు బీహారీ కుటుంబాలతో కిటకిటలాడే చెరువుంది. 1990లలో మా చిన్నప్పుడు సగం పొలాలు, సగం ప్లాట్లు. సొసైటీ అని పేరు పెట్టి, గోడకు గోడ ఆనించి కట్టిన ఇరుకిళ్ళు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి వచ్చిన పద్మశాలీలం కొందరం. మా పక్కన ఖాందేశ్ మరాఠీలు, గంజాం నుంచి వచ్చిన ఒడియావాళ్ళు, యూపీ, బీహార్ భయ్యాలు. ఎవరి ఇంట్లో చూసినా ఒకరు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవారే. ఊళ్ళో చేమగ్గం కూడు పెట్టకపోతే మరమగ్గం వెతుక్కుంటూ వచ్చిన జనం.

సాంచాల పని పన్నెండు గంటల పాళీ. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు, లేదా సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఏడు. పగార్ మీటరు లెక్కన. కారీగర్‌కు నిద్ర చాలకపోతే తెగిన పోగు కంటికి ఆనదు, తాకాలో, అంటే నేసిన గుడ్డ చుట్టలో, తప్పు పడుతుంది, ఆ తప్పుకు కూలిలో కోత పడుతుంది. కాబట్టి పగటి నిద్ర అంటే ఇంట్లో దేవుడి గది కంటే ఎక్కువ. దానికి భంగం కలగకుండా నడుచుకోవడం మా బాల్యంలో మొదటి నియమం. ఆటల నియమాలన్నీ దాని తరువాతే.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఒక డబ్బా. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు వేసవి సెలవులకు డిండోలి వస్తూ వెంట తెచ్చాడు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. లోపల పల్చటి పుస్తకాలు, పాత్రల వివరాలు రాసుకునే కాగితాలు, రకరకాల పాచికలు. నాలుగు ముఖాలది, ఆరుది, ఎనిమిదిది, పదిది, పన్నెండుది, ఇరవై ముఖాలది. “గీ ఆట ఎట్లుంటదంటే మామా, ఒకడు కథ చెప్తడు. వాన్ని డంజన్ మాస్టర్ అంటరు. మిగతావాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. కథలో ఏం చెయ్యాల్నో మనమే చెప్పాలె. అయ్యిందా కాలేదా అన్నది పాచిక చెప్తది.” వాడు కొత్త సంగతి చెబుతున్నాననుకుని ఉత్సాహంగా చెబుతున్నాడు. నాకేమో మా గల్లీ చివరి ఇంటి అన్న గొంతు చెవిలో వినిపిస్తోంది. మేం ఆయన్ని కథల అన్న అనేవాళ్ళం. మాకంటే రెండు మూడేళ్ళు పెద్ద, అంతే.

ఈ అమెరికా ఆటను 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో, మూడు చిన్న పుస్తకాలను ఒక డబ్బాలో పెట్టి మొదట వెయ్యి ప్రతులు వేశారు. అంతకుముందు బొమ్మ సైన్యాలతో యుద్ధాలు ఆడుకునేవాళ్ళు సైన్యాన్నంతా నడిపేవారు. వీళ్ళు ఆటగాడి చేతికి సైన్యాన్ని కాక ఒక్క మనిషినే ఇచ్చారు. ఆ మనిషికి పేరుంది, బలముంది, బలహీనత ఉంది, చచ్చిపోయే అవకాశముంది. 1980లలో హైస్కూలు వయసులో ఈ ఆట ఆడినవాళ్ళు ఇప్పుడు యాభై దాటారు. ఎప్పుడో అటకెక్కి, చెదలు పట్టి, అమ్మ పారేసిన ఆ డబ్బాలనే ఇప్పుడు వాళ్ళు వెతికి, అసలు ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొనుక్కుంటున్నారు. 1974 నాటి మొదటి ముద్రణ చేతికి దొరికితే అది ఆస్తే. 2016లో వచ్చిన స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్‌లో నేలమాళిగలో కూర్చుని ఈ ఆట ఆడే పిల్లల్ని చూశాక కొత్త తరం కూడా ఇటు తిరిగింది. మా మేనల్లుడూ ఆ బాపతే.

వాళ్ళ ఆరాటం నాకు బాగా అర్థమవుతుంది. నాదీ అదే ఆరాటం. కాకపోతే మా ఆటను ఎవరూ డబ్బాలో పెట్టి అమ్మలేదు.

అది మా చేతికి వచ్చిన దారి చెప్పాలి. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చిందన్న వార్త పొక్కింది. నాలుగైదు రోజుల్లో లక్షలమంది ఊరు విడిచారు. ఖాతాలు మూతబడ్డాయి, టెట్రాసైక్లిన్ మాత్రల కోసం మందుల షాపుల ముందు బారులు, ముక్కుకు రుమాలు కట్టని మనిషి లేడు. మేమూ నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో బాత్‌రూమ్ పక్కన నిలబడి వరంగల్ చేరి, బస్సులు మారి సిరిసిల్ల దగ్గరి మా అమ్మమ్మ ఊరికి పోయాం. సూరత్ నుంచి వచ్చినవాళ్ళంటే అప్పుడు అందరికీ భయమే. మేనమామ పిల్లల్ని కూడా మా దగ్గరికి రానివ్వలేదు. వాళ్ళ తప్పేం లేదు, ఆ రోజులట్లాంటివి. అమ్మమ్మ నన్ను అటక మీదికి ఎక్కించి, “ఆడ మీ మామ పుస్తకాలున్నయి, సదువుకో బిడ్డా” అంది.

అక్కడ దొరికాయి చందమామలు. ఏ ఏడాదికి ఆ ఏడాది పన్నెండు సంచికలూ కలిపి, అట్టకు ఖాకీ కాగితం అంటించి, పురికొసతో కుట్టిన బైండ్లు. చందమామ 1947 జూలైలో మొదలైంది కదా, మా మామ కొనడం మొదలుపెట్టింది చాలా తరువాత. అయినా ఆ అటక మీద చదవడానికి నాకు కావలసినన్ని ఉన్నాయి. పురాణాలూ బేతాళ కథలూ పక్కన పెట్టి నేను నేరుగా సీరియళ్ళ మీద పడ్డాను. రాకాసి లోయ, శిథిలాలయం, యక్షపర్వతం, మాయా సరోవరం. శిఖిముఖి, విక్రమకేసరి. ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఇద్దరిద్దరుగా పోయే ఆ వీరులు, అడవులు, కొండగుహలు, మాంత్రికులు, నెల చివర ఎక్కడో ఒకచోట కత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయే కథ. వాటికి చిత్రా గీసిన బొమ్మలు. ఆ రాక్షసుల తలలు, ఆ కొమ్ములు, ఆ చెట్ల వేళ్ళు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనబడతాయి.

ఆ సీరియళ్ళ మీద రచయిత పేరుండేది కాదు. మా తరం పిల్లలు అది రాసినవారి పేరు తెలియకుండానే పెద్దవాళ్ళయ్యారు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చందమామలో చేరి అర్ధ శతాబ్దం పాటు ఆ పత్రికలోనే ఉన్నారు. 2010లో ఆయన పోయాక వచ్చిన వ్యాసాలు చదివితేగాని, నన్ను పెంచినవాళ్ళలో ఆయనొకరని నాకు తెలియలేదు. పిల్లల ఊహను ఇంతగా మేపిన మనిషిని తెలుగువాళ్ళు బతికుండగా పట్టించుకోవాల్సినంత పట్టించుకోలేదు. ఈ మాట బాధతోనే అంటున్నాను.

ప్లేగు భయం తగ్గి డిండోలికి తిరిగొచ్చేటప్పుడు రెండు బైండ్లు నా సంచిలో ఉన్నాయి. మా గల్లీలో వాటిని కథల అన్న మొదట చదివాడు, తరువాత అందరికీ చదివి వినిపించాడు. మునిసిపాలిటీ తెలుగు మీడియం బడిలో మేం చదువుకుంటున్నా, ఇంతింత పొడుగు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా చదవగలిగింది ఆయనొక్కడే. పుస్తకాలు అయిపోయాయి. నెలనెలా చందమామ కొనడానికి డిండోలిలో దొరికేది కాదు. అప్పుడు అన్న అన్న మాట నాకు గుర్తు: “కథ అయిపోతే మనమే నడుపుదాం. నేను గుడి చెప్త. మీరు లోపలికి పోండ్రి.”

అలా మొదలైంది. ఆటకు పేరు పెట్టలేదు. “కథ ఆడదామా” అనేవాళ్ళం, అంతే.

మా ఆటకు బల్ల చీరల డబ్బా మూత. రింగ్ రోడ్డు టెక్స్‌టైల్ మార్కెట్ నుంచి మా ఇళ్ళకు చీరలు పని కోసం వచ్చేవి. అమ్మవాళ్ళు వాటికి రాళ్ళు అంటించేవారు. గాజు పొడిలా మెరిసే చిన్న చిన్న రాళ్ళు, జిగురు, ఒక పుల్ల. చీర మీద అచ్చుపడిన చుక్క మీద పుల్లతో జిగురు పెట్టి, వేలి కొసతో రాయిని ఎత్తి ఉంచి, బొటనవేలితో ఒత్తాలి. చీరకింత అని కూలి. ఆ చీరల డబ్బా మూత లోపలి వైపు తెల్లగా, గట్టిగా ఉంటుంది. దాని మీద అన్న పెన్సిల్‌తో గదులు గీసేవాడు. మేం ఎంత లోపలికి పోతే అంతే గీసేవాడు, ముందు గది ఎప్పుడూ ఖాళీ. మా మనుషులు విరిగిన కండెల ముక్కలు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది, ఒకటి కొస కాలింది. నిధులు దొరికితే రాళ్ళే నిధులు. అమ్మ దగ్గర అడుక్కుని తెచ్చుకునేవాళ్ళం, ఆట అయ్యాక లెక్కపెట్టి మళ్ళీ డబ్బీలో వెయ్యాలి. ఒక్కటి తగ్గినా చీర మీద చుక్క బోసిపోతుంది.

ఇక గవ్వలు. అష్టాచెమ్మకు వాడే నాలుగు గవ్వలే. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్టా. మిగతావి ఒకటి, రెండు, మూడు. అన్న పెట్టిన నియమం ఇది. అష్టా పడితే అనుకున్నది జరిగి, పైన ఒక వరం. చెమ్మ పడితే జరుగుతుంది. మూడు పడితే జరుగుతుంది గానీ నీ దగ్గరున్నది ఒకటి పోతుంది. ఒకటి పడితే దెబ్బ. రెండు పడితే ఏమీ కాదు, ఉన్నచోటే ఉండాలి.

మా అల్లుడు ఈ నియమం విని కాగితం మీద లెక్క వేశాడు. నాలుగు గవ్వలు పడే తీరులు పదహారు. గవ్వకు అటూ ఇటూ సమానంగా పడే గుణం ఉందనుకుంటే, పదహారింటిలో అష్టా ఒక్కటి, చెమ్మ ఒక్కటి, ఒకటి నాలుగు, మూడు నాలుగు, రెండు ఆరు. వాళ్ళ ఇరవై ముఖాల పాచికలో ఏ అంకెకైనా ఒకే అవకాశం, ఇరవైలో ఒకటి. మా గవ్వల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు పడేది రెండు. అంటే ఏమీ కానిది. వాడు నవ్వి, “మామా, మీ ఆట ఎట్ల ముందుకు పోయింది?” అన్నాడు.

మాటతో పోయింది. అదే ఆ ఆటలోని గొప్పతనం, నాకిన్నేళ్ళకు అర్థమైంది కూడా అదే. రెండు పడ్డాక మళ్ళీ గవ్వలు వెయ్యాలంటే అన్నకు కొత్త ఉపాయం చెప్పి ఒప్పించాలి. తలుపు తోస్తే రాలేదా, సరే, పక్కనున్న దీపపు గూట్లో చెయ్యి పెడతా. అక్కడ తేలుంటే? కత్తి మొనతో వెతుకుతా. కత్తి పోయిన గదిలో పోగొట్టుకున్నావు కదా? అయితే విక్రమకేసరిది అడుగుతా. ఇదంతా గుసగుసగా, నాయిన నిద్ర చెడకుండా. అరిచి గెలిచే వీల్లేదు. బలమున్నవాడు చిన్నవాణ్ని దబాయించే వీల్లేదు. చెప్పింది నమ్మేలా ఉంటేనే గవ్వలు చేతికొస్తాయి. నెమ్మదిగా మాట్లాడి ఎదుటివాణ్ని ఒప్పించడం నేను నేర్చుకున్నది బడిలో కాదు, ఆ చాప మీద.

మా గుంపులో ఒక మరాఠీ పిల్లవాడు ఉండేవాడు, ధూలే వైపు వాళ్ళు. వాడికి అష్టాచెమ్మ చూడగానే తెలిసింది, వాళ్ళ ఊళ్ళో అదే ఆట చల్లస్ ఆఠ్. అవే నాలుగు, అవే ఎనిమిది. గుజరాతీ పిల్లలు ఇస్టో అనేది కూడా ఇంచుమించు ఇదే. తెలుగు కథ వాడికి రాదు కాబట్టి వాడి కోసం అన్న హిందీ కలిపి చెప్పేవాడు. వాడు మాత్రం శిఖిముఖి కానన్నాడు, శివాజీ మావళా సైనికుణ్నే అవుతానన్నాడు. సింహగఢ్ కోట మీదికి తానాజీ 1670లో ఉడుము నడుముకు తాడు కట్టి ఎక్కించాడని వాళ్ళ ఇళ్ళల్లో చెప్పుకునే కథ. వాడికి ఉడుము కావాలన్నాడు. అన్న కాసేపు ఆలోచించి సరేనన్నాడు. ఆ రోజు నుంచి మా శిథిలాలయంలో ఒక ఉడుము కూడా తిరిగేది. ఎక్కలేని గోడ వస్తే అందరం వాడి వైపు చూసేవాళ్ళం. దాసరి సుబ్రహ్మణ్యంగారు రాసిన గుడిలో తానాజీ ఉడుము పాకడం, దాన్ని సూరత్‌లో ఒక సిరిసిల్ల పిల్లవాడు నడిపించడం! ఇంకే ఊళ్ళోనూ ఇది జరిగి ఉండదు. ఆ ఊరు, ఆ గల్లీ, ఆ జనం కలిస్తేనే అయింది.

మా అమ్మ ఆటలో ఉండేది కాదు గానీ ఎప్పుడూ వింటూనే ఉండేది. ఒకసారి మేం ఒక మాంత్రికుడి దగ్గర చాలాసేపు ఇరుక్కున్నాం. ఏం చేసినా చావడు. ఎన్నిసార్లు వేసినా రెండు, ఒకటి, మళ్ళీ రెండు. అమ్మ చీర మీంచి తల ఎత్తకుండానే, రాయి ఒత్తుతూ, మెల్లగా అంది: “చిలకను పట్టకుండ వాన్ని ఎట్ల సంపుతర్రా? బాలనాగమ్మ కథ ఇనలేదా మీరు?” బుర్రకథల్లో విన్న మాయల ఫకీరు ఆమెకు కంఠతా. ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుందని ఆమెకు తెలుసు, మాకు తడితేనా. అన్న మొహం వెలిగిపోయింది. పెన్సిల్ తీసి డబ్బా మూత అంచున, గుడికి దూరంగా, ఒక చెట్టు గీశాడు. ఇంక మా ప్రయాణం అటు. ఆ సాయంత్రం నాయిన లేచి మొహం కడుక్కుంటూ, “చిలక దొరికిందా?” అని అడిగాడు. నిద్రలో ఎంత విన్నాడో ఏమో!

వేరే ఆటలు లేవని కాదు. మేడ మీద సుద్దతో గీసిన పులి మేక, మూడు పులులు, పదిహేను మేకలు. వాఘ్ బక్రీ టీ పొట్లం మీద పులీ మేకా ఒకే కప్పులో టీ తాగుతుంటాయి కదా, ఆ పులుల్ని కత్తిరించి పావులు చేసేవాళ్ళం, మేకలకు చింతపిక్కలు. దసరా సెలవుల్లో ఎవరో ఒకరు ఊరి నుంచి వైకుంఠపాళి పటం తెచ్చేవారు. అరుకాసురుడి నోట్లో పడ్డవాడి ఏడుపు అందరికీ తెలిసిందే. బొంబాయి, కలకత్తా కొనే వ్యాపార్ ఆట ఒక్క ఇంట్లో ఉండేది, వాళ్ళకు కోపం వస్తే దొరికేది కాదు. ఇవన్నీ ఎవరో చేసి ఇచ్చిన ఆటలు. గెలుపోటములున్న ఆటలు. కథ ఆటలో గెలుపు లేదు. రేపు ఇంకో గది ఉంది, అంతే.

ఎందుకు ఆగిపోయిందంటే పెద్ద కారణమేం లేదు. అన్నకు పదహారో పదిహేడో నిండాయి, ఖాతాలో పెట్టారు. మొదట కండెలు అందించడానికి, తరువాత సాంచాల మీద. వారం మారితే పాళీ మారుతుంది. ఆయన పగలు ఇంట్లో ఉంటే మేం బడిలో, మేం ఇంట్లో ఉంటే ఆయన ఖాతాలో, ఇద్దరం ఇంట్లో ఉంటే ఆయన నిద్రలో. ఇంతకాలం మేం ఎవరి నిద్ర చెడకూడదని గుసగుసలాడామో, ఆ నిద్రపోయేవాళ్ళలో అన్న కూడా చేరిపోయాడు. 1995లో ఈటీవీ వచ్చింది, గల్లీలో కేబుల్ తిరిగింది, తెలుగు మాట వినడానికి కథ ఆడాల్సిన పని తగ్గింది. మరాఠీ పిల్లవాడి కుటుంబం ఇల్లు మారింది. చీరల డబ్బా మూత కొన్నాళ్ళు బీరువా మీద ఉంది. ఇంటికి సున్నం వేసేటప్పుడు పోయింది.

ఇప్పుడు కొనుక్కోవడం సంగతి. సంపాదన వచ్చిన మనిషికి ఒక ధైర్యం వస్తుంది, పోయినవన్నీ కొనొచ్చని. చందమామ సీరియళ్ళు కొన్ని పుస్తకాలుగా వచ్చాయి, తెప్పించుకున్నాను. చెన్నైలో వినీతా సిద్ధార్థ 2002లో మొదలుపెట్టిన క్రీడా సంస్థలాంటివి పాత ఆటలను మళ్ళీ చేసి అమ్ముతున్నాయి. గుడ్డ మీద అచ్చేసిన పచ్చీసు ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. చక్కటి పని. అంచులు మడిచి కుట్టి, పావులకు సంచి ఇచ్చి, నియమాల కాగితం పెట్టారు. ఇలాంటి పని చేసేవాళ్ళంటే నాకు గౌరవం. వాళ్ళు లేకపోతే మా పిల్లలకు గవ్వ అంటే లక్ష్మీపూజ పళ్ళెంలో ఉండేది మాత్రమే అయ్యేది.

గవ్వలు మాత్రం దీపావళి ముందు పూజా సామాను దుకాణంలో కొన్నాను. ఇంటికి తెచ్చి వేస్తే దొర్లిపోతున్నాయి. నిగనిగలాడుతూ, గుండ్రటి వీపులతో. గవ్వ వీపు అరగదీయాలి, ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు. గరుకు రాయి తడిపి, గవ్వను వెల్లకిలా పెట్టి, మూడు వేళ్ళతో పట్టి గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. ముందు మెరుపు పోతుంది, తరువాత తెల్లటి పిండి వస్తుంది, ఆ తరువాత చిన్న బొక్క తెరుచుకుంటుంది. అక్కడ ఆపాలి. ఇంకొంచెం రుద్దితే పగులుతుంది. మా అమ్మాయి పక్కన కూర్చుని చూసి, రెండోది తనే తీసుకుంది. వేళ్ళ చివర్లు ఎర్రబడ్డా వదల్లేదు.

మా అల్లుడు తన డబ్బా నియమాలతోనే శిథిలాలయం ఆడించాడు. డంజన్ మాస్టర్ వాడు, ఆటగాళ్ళం మేం. బాగుంది. ఆ పుస్తకాల్లో ఒక ఉదారత ఉంది, నియమం అడ్డొస్తే మార్చుకోండి అని పుస్తకమే చెబుతుంది. అది చదివి గైగాక్స్, ఆర్నెసన్‌ల మీద నాకు ప్రేమ కలిగింది. కానీ మా అమ్మాయి తలుపు తోసినప్పుడు పాచిక పదిహేడు చూపింది, తలుపు తెరుచుకుంది. వెంటనే ఇంకో తలుపు, పద్నాలుగు. అదీ తెరుచుకుంది. నేను కలగజేసుకుని, తన ఉపాయం ఏంటో ముందు చెప్పమన్నాను. “ఎందుకు నాన్నా, పాచిక పడిందిగా?” అంది. అప్పుడు అరగదీసిన గవ్వలు తెచ్చి పెట్టాను. రెండు. రెండు. ఒకటి. రెండు. అప్పుడు మొదలుపెట్టింది మాట్లాడటం. గోడ మీద నీటి చారలున్నాయా? ఉంటే పైన పగులుండాలి కదా? ఆ పగులులోంచి వెలుతురొస్తుందా? వాళ్ళ బావ నోరు తెరిచి వింటున్నాడు. ఎవరి నిద్రా చెడే భయం లేని ఇల్లు మాది ఇప్పుడు, పెద్ద గొంతుతో అరిచి అడుగుతోంది. అరవనిచ్చాను.

నాకొక కోరిక ఉంది, ఇక్కడ రాసేస్తున్నాను. ఎవరైనా ఈ సీరియళ్ళను తెలుగులో ఇలాంటి ఆటగా తేవాలి. గవ్వలతో ఆడేలా. తెచ్చేటప్పుడు ఊరూరి నియమాలు అడిగి రాసుకోవాలి. సిరిసిల్లలో అష్టాకు ఇంకో పందెం ఉంటుందా, నల్లగొండలో ఉండదా, పంటను ఎలా కొడతారు, పండిన కాయను వెనక్కి పిలవొచ్చా. ఇవి చెప్పగలిగిన అవ్వలు ఇంకా ఉన్నారు. వాళ్ళను అడగటానికి పెద్ద పథకం అక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు.

కథల అన్న ఇప్పుడు సిరిసిల్లలో ఉన్నాడు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డర్లు అక్కడి సాంచాలకు ఇవ్వడం మొదలుపెట్టాక తిరిగి వెళ్ళినవాళ్ళలో ఆయన ఒకడు. మొన్న ఫోన్ చేశాను. వెనక సాంచాల మోత, ఇద్దరం గట్టిగా అరుస్తూ మాట్లాడుకున్నాం. గవ్వలు అరగదీసిన సంగతి చెప్పాను. మూడు పడితే వస్తువు పోతుందని పెట్టిన నియమం గుర్తుందా అంటే, “వస్తువు గాదురా, దోస్తు ఒకడు ఆగిపోవాలె ఆ గదిల” అన్నాడు. కాదన్నాను. చాలాసేపు వాదించుకున్నాం, ఒప్పుకోలేదు ఆయన. చివర్లో, ఇన్నేళ్ళూ నన్ను తొలుస్తున్నది అడిగాను. మనం ఆగిపోయిన ఆ ఆఖరి తలుపు అవతల ఏముండె అన్నా?

“నాకేం తెల్సురా? మీరు గవ్వలేస్తె గద తెల్సేది.”

దసరాకు సూరత్ వస్తానన్నాడు, చెల్లెలి ఇల్లు ఇంకా ఇక్కడే. పెట్టేసే ముందు ఒక మాట చెప్పాడు: “నాలుగు గాదు, ఐదు గవ్వలు అరగదియ్యి. ఒకటి ఎప్పుడన్న మంచం కిందికే పోతది.”